కిండిలా, కితాబా?

పఠనమందిరానికి ఏదైనా ఇవ్వాలనుకునే దాతలు ఈమధ్య తరచుగా ఒక మాట అంటున్నారు. "ఇంకా ఈ బీరువాలు, అట్టలు, చెదలమందు ఎందుకు? నాలుగు కిండిల్‌లు కొనిస్తాం. వేల పుస్తకాలు వాటిలోనే ఉంటాయి కదా!" కువైట్‌లోనో, జెద్దాలోనో, డల్లాస్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ సొంతూరి పిల్లలకు ఏదైనా చేయాలని తపించే సోదరుల నుంచి ఈ మాట ఎక్కువగా వస్తోంది. మంచి ఉద్దేశంతో అడుగుతున్న ప్రశ్న. దానికి "అవును" అనో, "వద్దు" అనో ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోదు. దాతల సొమ్ము సొసైటీల చేతిలో అమానత్. అది ఏ రూపంలో ఎక్కువ మందికి, ఎక్కువ కాలం ఉపయోగపడుతుందో చూసుకోవలసిన బాధ్యత ఇచ్చేవారికీ ఉంది, పుచ్చుకునేవారికీ ఉంది.

మొట్టమొదటి వహీ "చదువు" అన్న ఆదేశంతో మొదలైందని ప్రతి సంచికలోనూ రాసుకుంటాం. ఏది చేతబట్టుకుని చదవాలన్న లెక్క మాత్రం ఎప్పుడూ వేసుకోం. ఇప్పుడు వేసుకోవలసి వచ్చింది.

అన్నీ ఒకే గాటన కట్టవద్దు

ఫోను, ట్యాబు, ఈ-రీడరు మూడింటినీ మనవాళ్లు ఒకటిగానే చూస్తుంటారు. మూడింటిలోనూ అక్షరాలు కనబడతాయి కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ ఫోను, ట్యాబు తెరలు వెలుగును నేరుగా మన కళ్లలోకి పంపుతాయి. కిండిల్ వంటి ఈ-రీడర్ తెర తీరు వేరు. ఆ తెర లోపల వెంట్రుక మందం ఉన్న చిన్న చిన్న గుళికలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క గుళికలో పారదర్శకమైన ద్రవం, అందులో తేలే తెల్ల రేణువులు, నల్ల రేణువులు. తెల్లవాటికి ఒక రకం విద్యుదావేశం, నల్లవాటికి దానికి వ్యతిరేకమైనది. అడుగునుంచి కరెంటు తగిలే తీరును బట్టి కొన్నిచోట్ల తెల్లవి పైకి వస్తాయి, కొన్నిచోట్ల నల్లవి. అలా అక్షరం ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడ్డాక అది నిలిచి ఉండడానికి కరెంటు అక్కరలేదు. పుట తిప్పినప్పుడు మాత్రమే ఖర్చవుతుంది. అందుకే ఒకసారి ఛార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చున్నా కాగితంలాగే చదువుకోవచ్చు.

ఈ సిరా అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టింది. దాన్ని తయారుచేసే ఈ-ఇంక్ కంపెనీ 1997లో ఏర్పడింది. 2004లో సోనీ కంపెనీ జపాన్‌లో ఈ తెరతో ఒక పరికరం తెచ్చింది. 2007 నవంబరులో అమెజాన్ కిండిల్ వచ్చాక లోకమంతా దీని పేరు తెలిసింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో నిద్ర విషయంలో చూడండి. 2014 చివర్లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 12 మంది చేత పడుకోబోయే ముందు నాలుగేసి గంటలు చదివించారు. ఐదు రాత్రులు ఐప్యాడ్ మీద, ఐదు రాత్రులు కాగితపు పుస్తకం. ఐప్యాడ్ చదివిన రాత్రుల్లో నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోను తగ్గింది. మర్నాడు పొద్దున మగత ఎక్కువైంది. ఫజ్ర్‌కు లేవవలసిన పిల్లవాడి చేతికి ఇషా తర్వాత ట్యాబ్ ఇస్తే ఏమవుతుందో తల్లులు పరిశోధన చదవకుండానే చెప్పగలరు. ఈ ఆరోపణ ట్యాబ్ మీదే గానీ దీపం ఆర్పిన ఈ-రీడర్ మీద కాదు. ఈ-రీడర్‌కు ఇంకో మంచి గుణం కూడా ఉంది. అందులో ఆటలు లేవు, వీడియోలు లేవు, మధ్యలో టింగుమని మోగే మెసేజీలు లేవు. చదవడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. ఈ కాలంలో అది చిన్న గుణం కాదు.

చదివింది ఎంత నిలుస్తుంది?

2018లో స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిసి, 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. వాటిలో పాల్గొన్నవారు మొత్తం 1,70,000 మందికి పైగా. తేలిందేమంటే, సమాచారం ఇచ్చే పాఠాలను, అంటే సైన్సు, చరిత్ర, సామాజికశాస్త్రం లాంటివాటిని కాగితం మీద చదివినవారికి తెరమీద చదివినవారికంటే బాగా అర్థమైంది. టైము పెట్టి చదివించినప్పుడు ఈ తేడా ఇంకా పెరిగింది. కథల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తెరలు మనకు అలవాటయ్యేకొద్దీ తేడా తగ్గాలి కదా అనుకుంటాం. ఏళ్లు గడిచేకొద్దీ కాగితానికే మొగ్గు పెరిగినట్టు వాళ్ల లెక్కల్లో కనబడింది.

ఇందులో ఎక్కువ భాగం కంప్యూటర్ల మీద, ట్యాబుల మీద చేసిన పరీక్షలు. అచ్చంగా కిండిల్‌తో చేసినది 2019లో నార్వే పరిశోధకులు ప్రచురించినది. యాభై మందికి 28 పుటల అపరాధ పరిశోధక కథ ఇచ్చి, సగం మంది చేత పుస్తకంలో, సగం మంది చేత కిండిల్‌లో చదివించారు. కథ అర్థం కావడంలో ఇద్దరూ దాదాపు సమానమే. కానీ ఏ సంఘటన ముందు, ఏది వెనక అని వరుస పెట్టమంటే కిండిల్ వాళ్లు వెనకబడ్డారు. పుస్తకం చేతిలో ఉన్నప్పుడు చదివేసినవి ఎడమచేతిలో మందం అవుతాయి, చదవాల్సినవి కుడిచేతిలో పలచబడతాయి. ఎంత దూరం వచ్చామో వేళ్లకు తెలుస్తుంది. ఈ-రీడర్‌లో మొదటి పుటా చివరి పుటా ఒకే బరువు. ఇలా స్పర్శ లేకపోవడమే కారణం కావచ్చని ఆ పరిశోధకుల ఊహ.

ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. హిఫ్జ్ చేసే పిల్లలను అడగండి. ఏ మదర్సాలోనైనా ఉస్తాద్ మొదటిరోజే చెబుతారు, ఏ ముస్‌హఫ్‌తో మొదలుపెట్టావో దానితోనే పూర్తి చేయమని. 15 వరుసల హాఫిజీ ఖుర్‌ఆన్‌లో ప్రతి పుటా ఆయతు ముగింపుతోనే ముగుస్తుంది. ఫలానా ఆయతు కుడివైపు పుటలో, పైనుంచి నాలుగో వరుసలో ఉందని హాఫిజ్ కళ్లు మూసుకుని చెబుతాడు. తరావీహ్‌లో తడబడితే అతని మనసు వెతుక్కునేది ఆ పుటనే. ఈ-పుస్తకంలో అక్షరాల సైజు మార్చితే పుటలన్నీ మారిపోతాయి. నిన్న పైన ఉన్న వాక్యం ఇవాళ మధ్యకు వస్తుంది. ముస్‌హఫ్ పుటలను ఉన్నవి ఉన్నట్టు చూపే యాప్‌లు ఉన్నాయి, ప్రయాణంలో తిలావత్‌కు అవి చక్కగా పనికొస్తాయి. కంఠస్థం చేసేవారికి మాత్రం కాగితపు ముస్‌హఫ్‌ను మించినది ఇంకా రాలేదనే ఉస్తాదులు అంటారు.

మన లిపులు, వాటి తిప్పలు

"వేల పుస్తకాలు అందులోనే ఉంటాయి" అన్న మాటను ఇక్కడ కాస్త నిలబెట్టి చూడాలి. ఏ భాషలో వేలు?

ఇంగ్లీషులో అయితే లక్షలే ఉన్నాయి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అనే ఐదింటిని ఎంచుకుంది. తెలుగు ఆ ఐదింటిలో లేదు, ఉర్దూ లేదు. దీనికి కంపెనీల లెక్కలు కొంత కారణమైతే, మన అచ్చుపని చరిత్ర కొంత కారణం. తెలుగు డీటీపీ సెంటర్లు దశాబ్దాలుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు కంపోజ్ చేస్తూ వచ్చాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అంటే కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు. తెరమీద మనకు "అ" కనబడుతుంది గానీ ఫైలులో ఉండేది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఆ ఫైలును ఈ-పుస్తకంగా మార్చాలంటే ముందు యూనికోడ్‌లోకి తిప్పాలి, తిప్పాక విరిగిన ఒత్తులు, మాయమైన గుణింతాలు మళ్లీ మనిషి కూర్చుని దిద్దాలి. మూడు వందల పుటల పుస్తకానికి అది మామూలు శ్రమ కాదు. వెయ్యి ప్రతులు అమ్ముడవడమే గగనమైన తెలుగు ప్రచురణకర్త ఆ ఖర్చు ఎందుకు పెట్టుకుంటాడు?

ఉర్దూ కథ కూడా ఇదే, ఇంకొంచెం చిక్కు. నస్తాలీఖ్ లిపి వాలుగా, ఒక అక్షరం మీద ఒకటి ఒదిగి నడుస్తుంది. కాతిబ్‌ల చేతిరాత నుంచి ఉర్దూ ప్రచురణ కంప్యూటర్లకు మారినప్పుడు, 1990ల నుంచి అందరూ వాడింది ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్. చాలా ఏళ్లపాటు అదీ యూనికోడ్ కాదు. అందుకే ఇవాళ ఉచితంగా దొరికే ఉర్దూ ఈ-పుస్తకాల్లో చాలా భాగం పుటల ఫొటోలే.

ఫొటో అయితే ఏమిటి నష్టం? ఆరంగుళాల కిండిల్ తెర మీద మామూలు పుస్తకం పుట ఫొటో పెట్టి చూడండి. అక్షరాలు చీమల బారులా కనబడతాయి. పెద్దది చేస్తే వరుస సగమే కనబడుతుంది. ప్రతి వరుసకూ తెరను అటూ ఇటూ జరపాలి. ఓపిక ఉన్న పరిశోధకుడు చదువుతాడు గానీ, పన్నెండేళ్ల పిల్లవాడు రెండో పుటలోనే పక్కన పడేస్తాడు. స్కాన్ చేసిన పుస్తకాలకు పది అంగుళాల ట్యాబ్ నయం. అయితే ట్యాబ్‌తోపాటు అందులోని ఆటలన్నీ వస్తాయి.

కొన్నది ఎవరిది?

దాతలు ఎక్కువగా ఆలోచించవలసినది ఇక్కడే.

అంగట్లో డబ్బిచ్చి పుస్తకం కొంటే అది మనదవుతుంది. చదవవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు, మస్జిద్ పక్కనున్న పఠనమందిరంలో పెట్టవచ్చు. ఎవరూ అడ్డు చెప్పరు. పెద్ద కంపెనీల దుకాణాల్లో ఈ-పుస్తకం "కొంటే" మనకు దొరికేది పుస్తకం కాదు, చదువుకోవడానికి అనుమతి. ఎవరూ చదవని నిబంధనల పత్రంలో ఆ మాట స్పష్టంగానే ఉంటుంది, పుస్తకం అమ్మడం లేదని, లైసెన్సు ఇస్తున్నామని. 2025 జనవరి నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో అమలవుతున్న చట్టం ప్రకారం, ఇలా లైసెన్సు మాత్రమే ఇచ్చే దుకాణాలు ఆ సంగతి కొనేవారికి ముందే స్పష్టంగా చెప్పాలి.

ఇది మాటల తేడా అనుకోవద్దు. 2009 జూలైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ నవలల ప్రతులు కొన్నింటిని కొన్నవారి కిండిల్‌లలోంచి వారికి చెప్పకుండానే తొలగించింది. వాటిని అమ్మకానికి పెట్టినవారికి హక్కులు లేవని తేలడం కారణం. డబ్బు తిరిగి ఇచ్చారు, కంపెనీ అధిపతి క్షమాపణ కూడా చెప్పారు. కానీ బడి పనికోసం ఒక విద్యార్థి ఆ పుస్తకం మీద రాసుకున్న నోట్సు ఎందుకూ పనికిరాకుండా పోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు అక్కడ కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. అక్కడా డబ్బు వాపసు ఇచ్చారు. పుస్తకాలు పోయాయి. 2022 ఆగస్టులో ఐదు పాత కిండిల్ మోడళ్లలో నేరుగా కొత్త పుస్తకాలు కొనే వీలు ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించి దాచుకునే సదుపాయాన్ని అమెజాన్ తీసేసింది. ఇవేవీ చట్టవిరుద్ధం కావు. ఒప్పందంలో ఉన్నవే.

దాత కోణంలో చూడండి. మనిషి చనిపోయాక అతని కర్మల ఖాతా మూసుకుపోతుందని, మూడు మాత్రం సాగుతూనే ఉంటాయని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు మనందరికీ తెలిసిందే. కొనసాగే దానం, ఉపయోగపడే విద్య, దుఆ చేసే మంచి సంతానం. పుస్తకం ఇచ్చేవారు మొదటి రెండింటి మీద ఒకేసారి ఆశపెట్టుకుంటారు. వక్ఫ్ అనే ఏర్పాటు పుట్టిందే ఈ ఆశలోంచి. ఖైబర్‌లో తనకు దక్కిన భూమి గురించి హజ్రత్ ఉమర్ (రజి) సలహా అడిగినప్పుడు, మూలాన్ని అలాగే ఉంచి దాని ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సూచించారు. మూలం నిలవాలి, ప్రయోజనం పారాలి. భూమి నిలుస్తుంది సరే, పుస్తకం లాంటి చరాస్తి సంగతేమిటి అన్న చర్చ ఫుఖహాలలో జరిగింది. జనంలో వక్ఫ్ చేసే ఆనవాయితీ ఉన్న చరాస్తులను ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అనుమతించారు. హనఫీ గ్రంథాలు ఆ కోవలో గొడ్డళ్లు, పారలు, జనాజా మంచాలతోపాటు ముస్‌హఫ్‌లనూ పేర్కొంటాయి. మన మదర్సాల బీరువాల్లో "వక్ఫ్" ముద్ర ఉన్న కితాబుల వెనుక ఇంత ఆలోచన ఉంది.

తన సొంతం కానిదాన్ని ఎవరైనా ఎలా వక్ఫ్ చేయగలరు? ఒకరి పేరుమీద ఉన్న ఖాతాలోకి, ఆ ఒక్కరి వాడకం కోసం ఇచ్చిన అనుమతి అది. ఫత్వా చెప్పడం ఈ వ్యాసం పని కాదు. పెద్దమొత్తం ఇవ్వదలచినవారు ఉలమాను అడిగి తెలుసుకోవాలి. మామూలు బుద్ధికి మాత్రం పఠనమందిరం పేరిట ఈ-పుస్తకాలు కొనిపెట్టడం అద్దె ఇంటిని దానం చేసినట్టే అనిపిస్తుంది. లైబ్రరీలకు ప్రత్యేకంగా ఈ-పుస్తకాలు ఇచ్చే పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడ 2011లో హార్పర్ కాలిన్స్ ప్రచురణ సంస్థ, ఒక ఈ-పుస్తకాన్ని 26 సార్లు అరువిచ్చాక లైబ్రరీ మళ్లీ డబ్బు కట్టాలని నియమం పెట్టింది. కాగితపు పుస్తకం 26 చేతులు మారితే అట్ట నలుగుతుంది, అంతే. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనంలో మన ముత్తాతల కాలపు పత్రికలను, పుస్తకాలను ఇవాళ్టికీ పరిశోధకులు వెళ్లి తిరగేస్తున్నారు. వాటిని ఇచ్చినవారు ఎవరూ ఇవాళ లేరు.

ఖరీదైన వస్తువుకు కాపలా

ఇక లెక్క. ఈ-రీడర్ ఒకటి పదివేలకు పైమాటే. నాలుగు కొంటే నలభై వేలు. ఒక పుస్తకం సగటున 150 రూపాయలు అనుకుంటే ఆ డబ్బుకు 266 పుస్తకాలు వస్తాయి. ముద్రిత పుస్తకం మీద జీఎస్టీ లేదు, పరికరం మీద ఉంది. నాలుగు ఈ-రీడర్లను ఒక సమయంలో నలుగురు చదవగలరు. 266 పుస్తకాలలో వంద ఇళ్లకు వెళ్లినా ఇంకా 166 బీరువాలో ఉంటాయి.

ఇళ్లకు వెళ్లడం అన్న మాట దగ్గర ఆగుదాం. మన పఠనమందిరాలకు ఆడపిల్లలు, గృహిణులు రావడం తక్కువ. తమ్ముడి సంచిలో వచ్చిన పుస్తకం ఆ ఇంట్లో అక్క చదువుతుంది, అమ్మీ చదువుతుంది, పక్కింటి ఆపా రెండురోజులు అడిగి పట్టుకెళ్తుంది. రిజిస్టరులో రాసేది ఒక్క పేరే, చదివేది నలుగురు. పదివేల రూపాయల పరికరాన్ని ఇలా ఇంటికి పంపే ధైర్యం ఏ కార్యదర్శికి ఉంటుంది? పగిలితే ఎవరిది బాధ్యత? చివరికి అది బీరువాలో తాళం వేసుకుని కూర్చుంటుంది. పోతే పోయిందనుకోగలిగిన వస్తువే ధర్మంగా ఊరంతా తిరుగుతుంది.

ఈ భయం ఊరికే కలిగినది కాదు. 2010లో మొదలైన వరల్డ్‌రీడర్ అనే సేవాసంస్థ ఆఫ్రికాలోని ఘనా దేశంలో బడిపిల్లలకు కిండిల్‌లు పంచింది. పుస్తకాలు బొత్తిగా లేని బడులవి. పిల్లలకు ఒక్కసారిగా ఎన్నో పుస్తకాలు అందాయి, ఇష్టంగా చదివారు, చిన్న తరగతుల వారిలో చదివే నేర్పు మెరుగుపడింది కూడా. కానీ మొదటి దశ ముగిసేసరికి సుమారు 40 శాతం పరికరాలు పాడయ్యాయి. తర్వాత గట్టి తొడుగులు చేయించారు, జాగ్రత్తలు నేర్పారు. ఆపైన ఆ సంస్థ, ఇళ్లలో అప్పటికే ఉన్న మొబైల్ ఫోన్ల మీద పుస్తకాలు అందించే దారి పట్టింది. మనదేశంలోనూ ఢిల్లీలో చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం అదే పద్ధతిలో పనిచేసింది. రోడ్లు లేని, పుస్తకాల పార్సిలు చేరని చోట ఈ-రీడర్ నిజంగా వరమే. మన ఊళ్లకు పుస్తకాల పార్సిలు చేరుతుంది.

తెరే మేలైన చోట్లు

ఇంతవరకూ చదివి, ఈ వ్యాసం తెరలకు వ్యతిరేకమని అనుకోవద్దు. కొందరికి కాగితపు పుస్తకం మూసిన తలుపే.

అసర్ తర్వాత వచ్చి కూర్చునే పెద్దలను గమనించండి. పత్రిక శీర్షికలు చదివి, లోపలి చిన్న అక్షరాలు కనబడక మడిచి పెట్టేస్తారు. అక్షరం సైజును మూడింతలు చేసుకోగల పరికరం వారికి కళ్లజోడు లాంటిది. బొత్తిగా చూపు లేనివారికైతే పుస్తకాన్ని చదివి వినిపించే గొంతు కావాలి, అది డిజిటల్ పుస్తకానికే సాధ్యం. వారి కోసం కాపీరైటు అడ్డులేకుండా పుస్తకాలను మార్చుకునే వీలు మన చట్టంలో 2012 సవరణతో వచ్చింది. ఇదే ఉద్దేశంతో మొరాకోలోని మరాకేష్‌లో 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో "సుగమ్య పుస్తకాలయ" అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది. చూపు లేనివారు, పుస్తకం పట్టుకోలేని వైకల్యం ఉన్నవారు అందులో సభ్యులు కావచ్చు. మన బస్తీల్లో అర్హులైన పిల్లలకు ఈ సంగతి చెప్పేవారే లేరు. ఒక ట్యాబ్, ఒక జత హెడ్‌ఫోన్లు, పేరు నమోదు చేయించే ఒక ఓపికగల కుర్రాడు ఉంటే చాలు. పరికరం దానం చేయాలని మనసున్న దాతకు ఇంతకంటే మంచి చోటు కనబడదు.

రెండోది, అపురూపమైన పాత పుస్తకాలు. 1891లో ఆసఫియా పేరుతో మొదలై, ఇప్పుడు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోని ఎన్నో పాత ఉర్దూ, ఫార్సీ, తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. రేఖ్తా సంస్థ వేలకొద్దీ ఉర్దూ పుస్తకాలను అలా అందుబాటులో పెట్టింది. ముట్టుకుంటే పొడి అయ్యే పుటలవి. వాటికి తెరే రక్ష.

మూడోది, పంచుకోమని రచయితలే అనుమతి ఇచ్చిన పుస్తకాలు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ సహా ఎన్నో భాషల్లో పిల్లల బొమ్మల కథలు 2015 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. దించుకోవచ్చు, అచ్చు వేసి పంచనూ వచ్చు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. అలాంటి తెలుగు పుస్తకాలను స్వచ్ఛంద కార్యకర్తలు యూనికోడ్‌లో టైపు చేసి వికీసోర్స్‌లో పెడుతున్నారు. ఈ-రీడర్‌లో ఇవి చక్కగా తెరుచుకుంటాయి, ఎవరూ వెనక్కి లాక్కోలేరు.

పోటీ పరీక్షల అభ్యర్థుల సంగతి విడిగా చెప్పాలి. నిజానికి మన పఠనమందిరాల్లో పొద్దుటినుంచి రాత్రిదాకా కుర్చీలు నింపేది వాళ్లే. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలు. వర్తమాన వ్యవహారాల పుస్తకం ఏడాది తిరిగేసరికి చిత్తుకాగితం. దానికి డబ్బు పోయడం కంటే ఒక కంప్యూటర్, మంచి నెట్ కనెక్షన్, ఒక ప్రింటర్ ఉంటే నయం. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఎన్‌సీఈఆర్‌టీ సైటులో ఉచితమే. కానీ చరిత్ర, రాజ్యాంగం, అర్థశాస్త్రం లాంటి లోతైన సబ్జెక్టులకు కాగితమే మేలని పైన చెప్పిన 54 అధ్యయనాల మాట. గీతలు గీసుకుంటూ, మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుంటూ చదవవలసిన పుస్తకాలు రెండేసి, మూడేసి ప్రతులు ఉండాలి.

ఇచ్చేముందు

జకాత్ సొమ్ము గురించి ఒక ముఖ్యమైన మాట. హనఫీ ఉలమా చెప్పే ప్రకారం జకాత్ చెల్లాలంటే అర్హుడైన పేదను ఆ సొమ్ముకు లేదా వస్తువుకు యజమానిని చేయాలి. పఠనమందిరం బీరువాలో అందరి కోసం ఉండే పుస్తకానికి ఆ షరతు వర్తించదు. అందుకని పఠనమందిరానికి ఇచ్చేది సదఖా గానో, అతియా గానో ఇవ్వాలి, రసీదు మీద ఆ మాట రాయించుకోవాలి. జకాత్‌తో పుస్తకాలే ఇవ్వాలని ఉంటే పేద విద్యార్థికి అతని తరగతి పుస్తకాలు కొని, "ఇవి నీవి" అని చేతిలో పెట్టవచ్చు. పరికరమైనా అంతే. చూపు లేని పేద పిల్లకు ట్యాబ్ కొని ఆమె సొంతం చేయవచ్చు. పఠనమందిరంలో గొలుసు కట్టి ఉంచే ట్యాబ్‌కు మాత్రం జకాత్ డబ్బు వాడకూడదు.

గల్ఫ్ నుంచి వచ్చే సోదరులు వాడిన ట్యాబులు, ఫోన్లు తెచ్చి ఇస్తుంటారు. ఇచ్చేముందు సొంత ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఛార్జరుతో సహా ఇవ్వండి. పాస్‌వర్డ్ అడగడానికి రియాద్‌కు ఫోన్ చేయవలసి వస్తే అది ఇక్కడ ఇటుకతో సమానం. పుస్తకాలు ఇచ్చేవారు మూడేళ్ల కిందటి గైడ్లు, మారిపోయిన సిలబస్ టెస్టు పేపర్లు పంపకండి. వాటిని మోసుకొచ్చే ఆటో కిరాయి కూడా గిట్టదు. పిల్లల కథలు, నిఘంటువులు, సీరత్ గ్రంథాలు, తెలుగు ఖుర్‌ఆన్ అనువాదాలు, డాక్టర్లు రాసిన ఆరోగ్య పుస్తకాలు, కుట్టుపని, విద్యుత్ పని నేర్పే పుస్తకాలు ఎప్పుడిచ్చినా చెల్లుతాయి. మొదటి పుట మీద దాత పేరు రాయించుకోవాలా, మరణించిన తల్లిదండ్రుల పేరు రాయించుకోవాలా అన్నది మీ ఇష్టం. ఏ పేరూ వద్దన్నా ముద్ర మాత్రం వేస్తారు, ఆ పుస్తకాన్ని ఎవరూ అమ్మకుండా.